వేళ యెరిగి వాడుక: ఇంటి కరెంటు, ఇంటిమీది ఎండ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో కవులను గూర్చియో, గ్రంథములను గూర్చియో మాటలాడుట ఆచారము. కార్యవర్గమువారు నన్ను ఇంటి కరెంటును గూర్చి మాటలాడుమని కోరినారు. ఆలోచించి చూడగా ఇది గ్రంథాలయమునకు తగని విషయము కాదని తోచినది. పుస్తకము కొనని ఇల్లుండవచ్చును, పత్రిక తెప్పించని ఇల్లుండవచ్చును. కాని కరెంటు బిల్లు రాని ఇల్లు నేడు లేదు. ఆ కాగితము అడుగున నున్న మొత్తమును అందరును చూతురు. పైనున్న పంక్తులను చదువువారు మిక్కిలి అరుదు. చదువుట నేర్పుటకే గదా గ్రంథాలయమున్నది! కనుక నేడు మనమందరము కలిసి ఆ కాగితమును చదువుదము.

మొదట ఒక సంగతి. బియ్యమును గాదెలో పోసి ఏడాది నిలువ యుంచవచ్చును. కరెంటును అట్లు నిలువ యుంచుట చాల ఖరీదైన పని. ఏ క్షణమున ఎంత వాడుక కలదో ఆ క్షణముననే అంత పుట్టింపవలెను. ఇది కాలువ క్రింద సేద్యము చేయు మనకు తెలియని సంగతి కాదు. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది మొదలు ఈ ప్రాంతమువారు కాలువ నీటి వంతుల నెరుగుదురు. పై రైతులందరును ఒక్క వేళనే తూములెత్తిన చివరి మడికి చుక్క నీరు చేరదు. కాలువలో నీరు లేక కాదు, అందరును ఒక్కసారే కోరుటచేత. అందుచేతనే పెద్దలు వంతులు ఏర్పరచినారు. చెరువుల క్రింద నీరటిని నియమించినారు. నీరటి నీటిని పుట్టింపడు. వేళను మాత్రమే పంచును. కాని వాని పంపకముచేతనే చివరి మడి పండును.

కరెంటుకును చివరి మడి కలదు. సాయంకాలము 7 గంటలకు ఊరంతయు దీపములు వెలిగించును, టీవీలు పెట్టును, మోటారు వేయును, ఇస్త్రీ చేయును, వేసవియైన ఏసీలు తిరుగును. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరునకు దూరముగా నున్న ఇంటిలో ఫ్యాను నెమ్మదించును. దానినే లో వోల్టేజి యందుము. ఊరిలో జరుగునదే రాష్ట్రములోను, దేశములోను జరుగును. 2024 మే 30వ తేదీన మన దేశపు వాడుక 2,50,000 మెగావాట్లకు చేరినది. అంత వాడుక ఏడాదిలో ఏ కొద్ది గంటలో మాత్రమే యుండును. అయినను ఆ కొద్ది గంటల కొరకే కేంద్రములు కట్టవలెను, తీగెలు లాగవలెను, ట్రాన్స్‌ఫార్మరులు పెట్టవలెను. మిగిలిన కాలమున అవి సగము పనితో నిలిచియుండును. వాని ఖర్చు మాత్రము మన బిల్లులలోనికే వచ్చును.

ఒక చిన్న లెక్క చెప్పుదును. నిజాంసాగరు జలవిద్యుత్కేంద్రపు శక్తి 10 మెగావాట్లు. ఒక ఇస్త్రీపెట్టె సుమారు 1 కిలోవాటు తీసికొనును. అనగా 10,000 ఇండ్లవారు ఒక్క వేళనే ఇస్త్రీపెట్టెలు పెట్టిన, నిజాంసాగరు టర్బైనులు రెండును నిండుగా తిరిగి పుట్టించు శక్తియంతయు ఆ ఇస్త్రీలకే చాలును! ఆ ఇండ్లవారే సగముమంది ఉదయమును, సగముమంది మధ్యాహ్నమును చేసికొన్న సగము కేంద్రము చాలును. బట్టలకు మడతలు రెండు విధములను సమానముగనే పోవును.

ఇక బిల్లును చదువుదము. మనకు కరెంటు నిచ్చునది ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. 2022 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చిన ధరల పట్టికను చూడుడు. ధరలు ముందుముందు మారవచ్చును. కాని ఆ పట్టిక కట్టుబడిని గ్రహించిన, ఏ ధరనైనను చదువగలము. నెలకు 100 యూనిట్లలోపు వాడిన ఇంటికి మొదటి 50 యూనిట్లు 1 రూపాయి 95 పైసల చొప్పునను, తరువాతి 50 యూనిట్లు 3 రూపాయల 10 పైసల చొప్పునను పడును. 100 దాటి 200 లోపు వాడిన ఇంటికి మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసలు, తరువాతివి 4 రూపాయల 80 పైసలు. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లును 5 రూపాయల 10 పైసల చొప్పుననే లెక్కింతురు. ఆపైని 300 వరకు 7 రూపాయల 70 పైసలు, 400 వరకు 9 రూపాయలు.

దీని అర్థమేమి? గడపను దాటిన వెంటనే వెనుకటి యూనిట్ల ధరయు పెరుగును. 200 యూనిట్లు వాడిన ఇంటికి వాడుక ధర 820 రూపాయలు. 201 యూనిట్లు వాడిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిటు వెల 207 రూపాయల 70 పైసలన్న మాట! 100 నుండి 101కి పోయిన ఇంటికిని ఇట్లే 92 రూపాయల 30 పైసలు అధికమగును. ఇతర చార్జీలు వీనికి వేరు. 2024 మార్చి 1 నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల రేషను కార్డు కుటుంబములకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్న. ఆ ఇంటివారు 201వ యూనిటు వాడిన నెలలో మొత్తము బిల్లును చెల్లింపవలసివచ్చును. అట్టి ఇంటికి ఆ ఒక్క యూనిటు వెల వేయి రూపాయలకు పైమాటయే. ఒక యూనిటనగా నేమి? ఒక గంట ఇస్త్రీ. కూలి చేసికొని బ్రతుకు కుటుంబమునకు ఆ ఒక్క గంట ఇస్త్రీవలన రెండుమూడు దినముల కూలి పోవుచున్నది. ఈ సంగతి తెలియకనే ఎన్నో ఇండ్లు ప్రతి వేసవిలోను ఈ గడప దాటుచున్నవి.

కావున మొదటి పని మీటరు చదువుట. బిల్లు తీసిన తేదీని, నాటి అంకెను గోడమీది క్యాలెండరుపై వ్రాసికొనుడు. పది దినములకొకసారి చూడుడు. పది దినములకు 65 యూనిట్లు దాటినచో నెలకు 200 గడప సమీపించుచున్నదని తెలిసికొనుడు. ఈ పని అయిదవ తరగతి పిల్లవాడు చేయగలడు, చేయింపుడు. లెక్కలు కూడ వచ్చును.

రెండవ పని, ఏ వస్తువు ఎంత తినుచున్నదో తెలిసికొనుట. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసికొనును. నూతనముగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి నిచ్చును. దినమునకు 10 గంటలు తిరిగిన, నెలకు ఒక్క ఫ్యానువద్ద 13 యూనిట్లకు పైగా మిగులును. మూడు ఫ్యానులకు 40 యూనిట్లు. ఒక హార్స్‌పవరు నీటి మోటారు గంటకు ఇంచుమించు ఒక యూనిటు, 2 కిలోవాట్ల గీజరు అరగంటకే ఒక యూనిటు తినును. ఏసీలో ఒక్క డిగ్రీ పెంచిన సుమారు 6 శాతము వాడుక తగ్గునని ఇంధన పొదుపు సంస్థవారు చెప్పుచున్నారు. 18 వద్ద పెట్టి దుప్పటి కప్పుకొనుటకంటె 25 వద్ద పెట్టి ఫ్యాను వేసికొనుట మేలు. దీపములను గూర్చి చెప్పనక్కరలేదు. 60 వాట్ల బల్బు స్థానమున 9 వాట్ల ఎల్‌ఈడీ వచ్చి ఏండ్లైనది.

ఇప్పటివరకు ఎంత వాడితిమన్నదే చూచితిమి. ఇక ఎప్పుడు వాడితిమన్నది చూడవలెను. పరిశ్రమలకు ఈ లెక్క క్రొత్త కాదు. మన రాష్ట్రములో హైటెన్షను పరిశ్రమలకు ఉదయము 6 నుండి 10 వరకు, సాయంకాలము 6 నుండి 10 వరకు వాడిన యూనిటుకు ఒక రూపాయి అధికముగను, రాత్రి 10 నుండి తెల్లవారుజామున 6 వరకు తగ్గింపుతోను ధర కట్టు పద్ధతి ఏర్పడినది. బ్రిటను దేశములో 1978లోనే ఇండ్లకు రాత్రి 7 గంటల కాలము చౌక ధర పెట్టినారు. ఆ వేళలో నీళ్లు కాచి నిలువ చేసికొనుట అక్కడి ఇండ్లలో అలవాటైనది.

2023 జూనులో కేంద్ర ప్రభుత్వము విద్యుద్వినియోగదారుల హక్కుల నియమములను సవరించినది. వాని ప్రకారము వ్యవసాయము తప్ప తక్కిన వినియోగదారులకు, స్మార్టు మీటరు పెట్టిన వెంటనే వేళను బట్టి ధర రావలెను. ఎండ వేళలుగా నిర్ణయించు 8 గంటలలో ధర సాధారణ ధరకంటె కనీసము 20 శాతము తక్కువగా నుండవలెను. రద్దీ వేళలలో ఇండ్లకు కనీసము 10 శాతము ఎక్కువగా నుండవలెను. ఏ గంటలు ఎండ వేళలో, ఏవి రద్దీ వేళలో నిర్ణయించునది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ఉదాహరణకు 5 రూపాయల యూనిటు మధ్యాహ్నము 4 రూపాయలకును, సాయంకాలము 5 రూపాయల 50 పైసలకును వచ్చునన్న మాట. భేదము రూపాయిన్నర. ఇదియే కరెంటు నీరటి.

మధ్యాహ్నమే ఎందుకు చౌక? సూర్యుడు పనిచేయు వేళ అది. సౌర కేంద్రములు పెరిగిన కొలది పగలు కరెంటు సమృద్ధియగుచున్నది. సూర్యుడు దిగిన గంటలోనే ఆ శక్తి యంతయు తప్పుకొనును; సరిగా అప్పుడే దీపములు వెలుగును. ఆ లోటును పూడ్చుటకు బొగ్గు కేంద్రములను తొందరపెట్టవలెను, ఎక్స్చేంజిలో కొనవలెను. అక్కడ ఒక్కొక్క వేళ ధర యూనిటుకు 10 రూపాయల పరిమితిని తాకును. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములో 900 మెగావాట్ల టర్బైనులున్నవి. అవి వెనుకకును తిరుగగలవు. కరెంటు మిగులు వేళలో క్రింది నీటిని పైకి తోడి, కావలసిన వేళ మరల దింపి కరెంటు తీయుదురు. అనగా నీటిని పైకెక్కించుటయే కరెంటును దాచుట.

ఈ శ్రీశైలము మీ ఇంటిమీదను కలదు! మేడమీది నీటి ట్యాంకు అదియే. సాయంకాలము 7 గంటలకు మోటారు వేయుటకు బదులు మధ్యాహ్నము 12 గంటలకు వేసిన, ఆ చౌక కరెంటును మీరు ట్యాంకులో దాచినట్లే. ఇంటిపనులను రెండు వరుసలుగా వ్రాయుడు. దీపము, ఫ్యాను, ఫ్రిజ్జు, చదువుకొను పిల్లల బల్ల: ఇవి వేళ మార్చుటకు వీలులేనివి. నీటి మోటారు, బట్టల యంత్రము, ఇస్త్రీ, పిండి రుబ్బుట, పంపు స్కూటరుకు, ఎలక్ట్రిక్ బండికి చార్జి: ఇవి వేళ మార్చదగినవి. రెండవ వరుసను ఎండలోనికి నెట్టుడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనుమన్నారు పెద్దలు. ఇకమీదట ఎండ యుండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను. ఒక్క మనవి: ఈ మార్పు భారమంతయు గృహిణులపైననే పడవేయరాదు. మధ్యాహ్నము పొలములో నాట్లు వేయు ఆడుకూతురు ఇంటికి వచ్చి మోటారు వేయలేదు. అట్టి ఇంటికి వంద రూపాయల కాలసూచిక మీటయో, ఇంటనున్న తాతగారి చేయియో సాయపడవలెను.

ఇక ఇంటిమీది ఎండ. 1 కిలోవాటు సౌర ఫలకములకు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని కప్పు కావలెను. అవి దినమునకు సగటున 4 యూనిట్ల చొప్పున, నెలకు ఇంచుమించు 120 యూనిట్లు ఇచ్చును, వానాకాలమున తగ్గును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకములో 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకును అంతకు మించినవానికిని 78,000 రూపాయల సహాయము నిర్ణయించినారు. ఆ పథకము ప్రామాణిక ధరగా మొదటి 2 కిలోవాట్లకు ఒక్కొక్కటికి 50,000, మూడవదానికి 45,000 లెక్కించినది. అంగడి ధర ఇంతకు మించవచ్చును. అయినను లెక్కకు దీనినే తీసికొందము.

నెలకు 250 యూనిట్లు వాడు ఇంటిని తలచుకొనుడు. వాడుక ధర 1,405 రూపాయలు. ఆ ఇంటివారు 3 కిలోవాట్లు పెట్టిన చేతినుండి పడునది 67,000. బిల్లు దాదాపు పోవును. నాలుగేండ్లలో సొమ్ము తిరిగివచ్చును. అదే ఇంటివారు 1 కిలోవాటు మాత్రమే పెట్టిరనుకొందము. చేతినుండి 20,000. 120 యూనిట్లు పోగా మిగిలినవి 130. వాని ధర 484 రూపాయలు. నెలకు 921 రూపాయలు మిగులును. రెండేండ్లు నిండకమునుపే సొమ్ము తిరిగివచ్చును. కారణమేమి? మొదటి కిలోవాటు ఇంటిని 200 గడపకు ఇవతలికి దింపినది. తరువాతి రెండు కిలోవాట్లు చౌక యూనిట్లను మాత్రమే తగ్గించుచున్నవి. నెలకు 350 యూనిట్లు దాటు ఇంటికి 3 కిలోవాట్లు తగును. అమ్మవచ్చినవాడు పెద్దదానినే చూపును; మీ ఇంటి పన్నెండు నెలల బిల్లులను ముందుంచుకొని ఎంత కావలెనో మీరే నిర్ణయింపుడు. బిల్లు సున్నయగు గృహజ్యోతి ఇంటివారు అప్పుచేసి ఫలకములు పెట్టినచో తమ బిల్లులో మిగులునది లేదు, వారు తొందరపడనక్కరలేదు.

నెట్ మీటరు పద్ధతిలో పగలు మిగిలినది తీగెలోనికి పోవును, రాత్రి తీగెనుండి తీసికొందుము, భేదమునకే బిల్లు. కాని వేళను బట్టి ధర వచ్చిననాడు మధ్యాహ్నము మనమిచ్చు యూనిటును, సాయంకాలము తీసికొను యూనిటును సమానముగా నుండవు. కావున ఫలకములున్న ఇంటివారును పగటి పనులను పగలే చేసికొను అలవాటు నేటినుండియే చేసికొనుట మంచిది.

కొన్ని జాగ్రత్తలు. ఫలకములు దక్షిణముఖముగా, మన అక్షాంశమునకు సరిపోవునట్లు సుమారు 18 డిగ్రీల వాలుతో నుండవలెను. వేపకొమ్మ నీడ ఒక్క ఫలకముపై పడినను ఆ వరుసయంతయు తగ్గవచ్చును. బియ్యపు మిల్లుల ఊకబూడిద, కోతల కాలపు దుమ్ము పేరుకొనకుండ చల్లని వేళ నీటితో కడుగవలెను. తీగెతో కలిపిన సౌర యంత్రము కరెంటు పోయినప్పుడు తానును ఆగిపోవును. ఇది లోపము కాదు. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము కాపాడుటకు చేసిన ఏర్పాటు. ఆ ఏర్పాటును తప్పించి ఇంటి కరెంటును తీగెలోనికి పంపుట నరహత్యతో సమానము. రాత్రికి బ్యాటరీ కావలెనన్న అది వేరు ఖర్చు.

రైతు సోదరులకు ఒక మాట. 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చినప్పుడు ఆటో స్టార్టరులను తీసివేయుమని ప్రభుత్వము కోరినది. బిల్లు లేకున్నను భూగర్భ జలమునకు బిల్లు కలదు. యాసంగిలో బోరును పగలు నడిపినచో ఆ వాడుక సూర్యునితో కలిసివచ్చును. సాయంకాలము ఊరికి వెలుగు మిగులును. రాత్రి పాముల భయమును లేదు.

కప్పులేని వారి మాటయేమి? రేకుల ఇంటివారు, అద్దె ఇంటివారు ఎక్కడ ఫలకములు పెట్టుదురు? గుజరాతులో మొఢేరా గ్రామము 2022 అక్టోబరులో సౌరగ్రామముగా ప్రకటింపబడినది. మన రాష్ట్రములో నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో ఇంటింటికి ఫలకములు అమర్చినారు. అవి ప్రభుత్వముల పూనికతో జరిగినవి. గుజరాతులోనే ఢుండి గ్రామ రైతులు 2016లో సహకార సంఘముగా ఏర్పడి, తమ సౌర పంపుల మిగులు కరెంటును అమ్ముకొనిరి. ఊరు ఒక్కటియై చేయగలదనుటకు అది సాక్ష్యము. బోధనులో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది. చక్కెర మిల్లులు చెఱకు రసమును తీసి పిప్పిని పారవేయవు. దానినే బాయిలరులో కాల్చి ఆవిరిని, కరెంటును తీయును. పిప్పికి విలువ తెలిసిన ఈ ప్రాంతము కప్పులపై వృథాగా పడు ఎండకు విలువ కట్టలేదా?

కడపట గ్రంథాలయమువారికి ఒక ప్రతిపాదన. ప్లగ్గునకు తగిలించి ఏ వస్తువు ఎంత కరెంటు తినునో చూపు చిన్న మీటరులు అంగడిలో దొరకును. అట్టివి రెండు కొని, పుస్తకమునకువలెనే చందాదారులకు వారము గడువుపై ఎరువిండు. ఒక లెక్కల పుస్తకము పెట్టుడు. తెచ్చినవారు తమ ఇంటి లెక్కను అందులో వ్రాయవలెను. ఏడాది తిరుగునప్పటికి ఏ ఇంట ఎంత పోవుచున్నదో తెలుపు గ్రంథమొకటి చందూర్‌లోనే తయారగును. అట్టి గ్రంథమును ఏ ప్రచురణకర్తయు మనకు అమ్మలేడు. పఠనమందిరము నిండునది సాయంకాలముననే. అదియే రద్దీ వేళ. ఆ గంటలో ఇండ్లలోని మోటారులు ఆగినచో, ఇక్కడ చదువుకొను పిల్లల దీపము నిలుకడగా వెలుగును. చివరి మడికి నీరు చేరునట్లు మొదటి మడివాడు తూము దించుట మన ఊళ్లలో మర్యాద. ఆ మర్యాదను తీగెకును పాటింతము.

 గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనునాటికి మీ లెక్కల పుస్తకము ఈ అలమరలో అందరికంటె ఎక్కువగా చేతులు మారిన పుస్తకము కావలెనని కోరుచు విరమించుచున్నాను.